బెంగళూరులో సెకండ్ హ్యాండ్ డ్యుయల్ స్పోర్ట్ బండి ఎలా ఎంచుకోవాలి

డ్యుయల్ స్పోర్ట్, అంటే తారు మీదా మట్టిదారుల్లోనూ తిరిగే బండికి మీటరు రీడింగు సగం సంగతే చెబుతుంది. 44వ నంబరు హైవే మీద 45 వేల కిలోమీటర్లు నిదానంగా తిరిగిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ ఒకటి, చిక్కబళ్లాపురం క్వారీ దారుల్లో ఎయిర్ ఫిల్టర్ మార్చకుండా 12 వేలు తిరిగిన హీరో ఎక్స్‌పల్స్ ఒకటి పక్కపక్కన పెడితే, ఎక్కువ తిరిగిన ఆ హిమాలయన్నే తీసుకోవాలి. రెండోదాని ఇంజిన్‌లోకి దుమ్ము పోయి రింగులు అరిగిపోయి ఉంటాయి. పైకి మాత్రం కడిగి పాలిష్ కొట్టిన ప్లాస్టిక్ మెరుస్తుంటుంది. పైన పటారం, లోన లోటారం. కాబట్టి ఈ రకం బండి ఎంత తిరిగింది అని అడిగి ఊరుకోకండి. ఎక్కడ తిరిగింది, నీళ్లలో ఎంత లోతుకు దిగింది, పడితే ఎలా పడింది అన్నవి బండి ఒంటి మీద చదవడం నేర్చుకోండి. ఒక గంట పని, పెద్ద పరికరాలేం అక్కర్లేదు.

ముందు మీ వారం లెక్క వేసుకోండి

ఒక కాగితం మీద మీ తిరుగుడు రాసుకోండి. రోజూ మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ఆఫీసుకు ఇదే బండి మీద వెళ్లాలా? ఆదివారం తెల్లారకముందే నంది కొండ, మాకళిదుర్గ వైపు వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరడమా? లేక లేపాక్షి, హార్స్‌లీ కొండలు, గండికోట అంటూ దూరాలు పోయి, పండక్కి అదే బండి మీద ఊరికి కూడా వెళ్లాలా? ఈ మూడింట్లో ఏది ఎక్కువ తేలితే బండి దానికి తగ్గది కావాలి. చాలామంది మట్టి గురించి కలలు కని కొంటారు, తారురోడ్డు మీదే తిరుగుతారు. అది తప్పేమీ కాదు గానీ, అలాంటప్పుడు 21 అంగుళాల ముందు చక్రం, గరుకు టైర్లు మీకు రోజూ చిరాకు పెడతాయి.

తరువాత మీ ఒడ్డూ పొడుగూ. సీటు ఎత్తులు ఇవి: హిమాలయన్ 411 అయితే 800 మిల్లీమీటర్లు, ఎక్స్‌పల్స్ 200 అయితే 823, బీఎండబ్ల్యూ జీ310జీఎస్, సుజుకి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ రెండూ 835, కేటీఎం 390 అడ్వెంచర్ 855, ఎక్స్‌పల్స్ 4వీ ప్రో ఏకంగా 891. తారు మీద రెండు కాళ్ల మునివేళ్లు ఆనితే చాలు. మట్టిలో అది చాలదు. బండి చక్రం గాడిలో ఉండి మీ కాలు గుంటలో పడితే, ఆ రెండు అంగుళాల తేడాకే బండి పక్కకు ఒరుగుతుంది. అందుకని ఒక కాలైనా మడమతో సహా నేలకు ఆనాలి. ఇంకో పరీక్ష కూడా ఉంది. తెలిసినవాళ్ల బండిని పచ్చిక మీద మెల్లగా పడుకోబెట్టి ఒంటరిగా లేపండి. పెట్రోలుతో కలిపి 158 కిలోల ఎక్స్‌పల్స్‌ను లేపడానికీ 199 కిలోల హిమాలయన్‌ను లేపడానికీ తేడా ఎంతో మీ నడుము చెబుతుంది.

ఏ బండి ఎవరికి

*ఎక్స్‌పల్స్ 200.* మట్టే ముఖ్యమనుకుంటే ముందు చూడాల్సింది ఇదే. 2019 మేలో వచ్చింది. 199.6 సీసీ, 18.4 పీఎస్ శక్తి, ముందు 21 వెనక 18 అంగుళాల పుల్లల చక్రాలు, నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తు, ముందు 190 వెనక 170 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఆట. మొదట్లో కార్బురేటర్ రకం, ఫ్యుయల్ ఇంజెక్షన్ రకం రెండూ అమ్మారు. 2020లో బీఎస్6 కాలుష్య నియమాలు వచ్చేసరికి కార్బురేటర్ పోయి, ఇంజిన్‌కు ఆయిల్ కూలర్ చేరింది. 2021 అక్టోబరులో నాలుగు వాల్వుల 4వీ వచ్చింది, 19.1 పీఎస్. 2023లో ఏబీఎస్‌కు (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) మూడు మోడ్‌లు ఇచ్చారు, పొడుగు సస్పెన్షన్‌తో ప్రో రకం కూడా అప్పుడే వచ్చింది.

మా సలహా అడిగితే 4వీ, లేదంటే బీఎస్6 బండి. సిల్క్ బోర్డు దగ్గర అరగంట పాకే ట్రాఫిక్‌లో ఆయిల్ కూలర్ ఉన్న ఇంజిన్‌కు, లేనిదానికి తేడా తెలుస్తుంది. 4వీకి 80 దాటాక లాగుడు కొంచెం మెరుగు. అయినా దేన్ని తీసుకున్నా గేర్లు ఐదే. 80, 90 మీద హాయిగా పోతుంది, 100 దాటితే ఆయాసపడుతుంది. హైదరాబాదుకు నెలకు రెండుసార్లు వెళ్లేవాళ్లకు ఇది పనికిరాదు.

ఒక జాగ్రత్త. ప్రకటనల్లో ఎక్స్‌పల్స్ 200టీ అని కనిపిస్తుంది. పేరు, ఇంజిన్ ఒకటే, బండి వేరు. రెండు చక్రాలూ 17 అంగుళాలు, అది రోడ్డు బండి. ఫోటోలో ముందు మడ్‌గార్డ్ చక్రానికి దగ్గరగా ఉంటే అది టీ అనుకుని ఇంకోసారి అడగండి.

*హిమాలయన్ 411.* దూరాలు పోవాలి, లగేజీ కట్టాలి, మట్టి వస్తే భయపడకుండా దాటాలి అనేవాళ్లకు ఇది. 2016లో కార్బురేటర్‌తో వచ్చింది, 2017లో బీఎస్4తో ఫ్యుయల్ ఇంజెక్షన్, 2018లో ఏబీఎస్, 2020లో బీఎస్6తో పాటు వెనక ఏబీఎస్ ఆపుకునే స్విచ్, 2021లో ట్రిప్పర్ నావిగేషన్. 411 సీసీ, 24.5 పీఎస్‌కు కాస్త అటూ ఇటూ, 32 న్యూటన్ మీటర్లు. ట్యాంకు 15 లీటర్లు, సెంటర్ స్టాండు ఉంటుంది. తొలి 2016 బండ్లలో ఫ్రేము పగుళ్ల మీద, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) మీద ఫిర్యాదులు చాలా వచ్చాయి. ఎంత చవగ్గా ఇచ్చినా ఆ సంవత్సరం బండి వదిలేయడం మంచిది. 2020 తరువాతవి చూడండి. 100 దగ్గర నిలకడగా పోతుంది, దాటాక హ్యాండిల్‌లో, ఫుట్‌రెస్టుల్లో వణుకు మొదలవుతుంది.

2022లో వచ్చిన స్క్రామ్ 411 ఇదే ఇంజిన్‌తో 19 అంగుళాల ముందు చక్రంతో ఉంటుంది. ఆఫీసు ఎక్కువ, మట్టి తక్కువ అయితే దీన్ని తీసిపారేయకండి. 2023 నవంబరులో వచ్చిన హిమాలయన్ 450 పూర్తిగా వేరే యంత్రం. 452 సీసీ, 40 పీఎస్, రేడియేటర్ ఉన్న ఇంజిన్. సెకండ్ హ్యాండ్‌లో కొంటే వారంటీ మిగిలి ఉన్నది, కంపెనీ సర్వీసు రికార్డు మొత్తం ఉన్నది అయితేనే.

*కేటీఎం 390 అడ్వెంచర్.* 2020 జనవరిలో వచ్చిన 373 సీసీ బండి, 43.5 పీఎస్. హైవే మీద దీనికి సాటి పైవాటిలో ఏదీ రాదు. కానీ ముందు 19 అంగుళాల అల్లాయ్ చక్రం, తక్కువ సస్పెన్షన్ ఆట, ముందుకు పొడుచుకు వచ్చిన రేడియేటర్. రాళ్ల మీద వేగంగా కొడితే రిమ్ వంగుతుంది. 2022లో చక్రాల డిజైన్ మార్చి గట్టిపరిచారు, 2023లో పుల్లల చక్రాల రకం కూడా తెచ్చారు. 2020, 2021 బండ్లయితే రిమ్‌ల మీదే మీ కళ్లు ఉండాలి. ఇంకో మాట. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన దారిలో 2023 ఆగస్టు 1 నుంచి రెండు చక్రాల బండ్లను రానివ్వడం లేదు, సర్వీసు రోడ్డే గతి. అటువైపు తిరుగుడు కోసమే పెద్ద ఇంజిన్ కొంటున్నట్టయితే మరోసారి ఆలోచించండి.

మిగతావి క్లుప్తంగా. బీఎండబ్ల్యూ జీ310జీఎస్ మన పక్కనే హోసూరులో టీవీఎస్ ఫ్యాక్టరీలో తయారైన బండి, అయినా విడిభాగాల ధర బీఎండబ్ల్యూ ధరే. కొనేముందు క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్లు, చైన్ కిట్ ఎంతో సర్వీసు సెంటరుకు ఫోన్ చేసి కనుక్కోండి. సుజుకి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ 2022లో వచ్చిన 249 సీసీ, 26.5 పీఎస్ బండి. పాడైన తారురోడ్లకు, పల్లె దారులకు చక్కగా సరిపోతుంది, గాడులు పడ్డ మట్టికి అంతగా కాదు. హీరో ఇంపల్స్ 2011 నాటిది, 150 సీసీ, తేలిక బండి, మట్టి నేర్చుకోవడానికి ఇప్పటికీ బాగుంటుంది. కాకపోతే తొలి బండ్లకు ఇప్పుడు 15 ఏళ్లు నిండుతున్నాయి, ఆర్సీ రెన్యువల్ ఖర్చు, ప్లాస్టిక్ భాగాలు దొరక్కపోవడం లెక్కలో వేసుకోవాలి.

ఫోన్‌లోనే తేల్చుకోవాల్సినవి

బండి నంబరు అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడితో ఆపేయండి. ఎన్నో ఓనరు, లోను ఉందా, సర్వీసు బిల్లులు ఉన్నాయా, తీసేసిన ఒరిజినల్ భాగాలు దగ్గరున్నాయా, ఇవన్నీ మామూలు ప్రశ్నలే. వీటితో పాటు ఒకటి తప్పకుండా అడగండి: "ఎయిర్ ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు మార్చారు?" శ్రద్ధ ఉన్న మనిషి తడుముకోకుండా చెబుతాడు. "సర్వీసులో వాళ్లే చూస్తారు కదా" అంటే బండి దగ్గర ఎయిర్ బాక్స్ మీద రెట్టింపు సమయం పెట్టండి.

చివరగా, "మేము వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి" అని చెప్పి పెట్టండి. అక్కడికి వెళ్లగానే ఇంజిన్ పక్కన చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, స్టార్టింగు కష్టమో మొదటి పొగో దాచడానికి ముందే వేడి చేసి పెట్టారని అనుమానించాలి. ఇంకో రోజు పొద్దున వస్తామని చెప్పి వచ్చేయండి.

కాగితాలు: బయల్దేరకముందే

నంబరుతో ఎంపరివాహన్ యాప్‌లో రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్సు, లోను వివరాలు చూడండి. బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల సైట్లో పాత జరిమానాలు చూడండి, ఆ డబ్బు అమ్మేవాళ్లే కట్టి రసీదు చూపాలి. 2018 సెప్టెంబరు 1 తరువాత కొన్న కొత్త బండ్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ కలిపే ఇస్తారు. ఆ గడువు అయిపోయాక రెన్యువల్ చేయించకుండా తిప్పేవాళ్లు ఉన్నారు, తేదీ చూడండి. అమ్మేవాళ్ల నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది వాళ్ల పేరు మీదే ఉంటుంది.

కేఏ నంబరు బండి అయితే పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, లోను తీరిపోయి ఉంటే బ్యాంకు ఇచ్చే ఫారం 35, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి. ఆధార్‌లో ఊరి చిరునామా ఉన్నవాళ్లకు ఇక్కడి ఆర్టీవోలో ఇక్కడి చిరునామా ఆధారం కావాలి, అద్దె అగ్రిమెంటు ముందే సిద్ధం చేసుకోండి. డబ్బు ఇచ్చిన రోజు తేదీ, సమయం, ఇద్దరి సంతకాలతో డెలివరీ నోటు రాసుకోండి. ఆ గంట ముందు జరిగిన జరిమానా వాళ్లది, తరువాతది మీది. ఇన్సూరెన్సు పేరు మార్పు 14 రోజుల్లో పెట్టేయాలి.

బెంగళూరులో తెలుగువాళ్లు అమ్మే బండ్లలో ఏపీ, టీఎస్, టీజీ నంబర్లవి చాలా ఉంటాయి. ధర తక్కువగా కనిపిస్తుంది. ఆ తేడాకు కారణం ఉంది. వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే మళ్లీ రిజిస్టర్ చేయించాలి, దానికి సొంత ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్సు కట్టాలి. అక్కడ కట్టినదాంట్లో మిగిలిన భాగం వెనక్కి తీసుకోవచ్చు గానీ అది తిరగాల్సిన పని. "ఎన్‌ఓసీ తరువాత పంపిస్తానండీ" అనే మాట మీద మొత్తం డబ్బు ఇవ్వకండి. ఎన్‌ఓసీ చేతికొచ్చాకే పూర్తి డబ్బు. మీరు ఏడాదిలో హైదరాబాదో విజయవాడో వెళ్లిపోయేవాళ్లయితే మాత్రం ఆ నంబరు బండే మీకు లాభం.

బండి దగ్గర: ఏం చూడాలి, ఎలా చూడాలి

సంచిలో టార్చి, స్క్రూడ్రైవరు, ఎలన్ కీలు, ఒక మల్టీమీటరు, తెల్ల గుడ్డ, ఐదు మీటర్ల పురికొస పెట్టుకోండి. ముందు చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో ఒక్కొక్క అంకె పోల్చండి. చాసిస్ నంబరు హ్యాండిల్ మెడ దగ్గర ఫ్రేము మీద ఉంటుంది. బురద ఉంటే గుడ్డతో తుడిచి చూడండి. అంకెల చుట్టూ పెయింటు వేరే రంగులో ఉన్నా, అంకెలు వంకరగా ఉన్నా బేరం లేదు.

ఎద్దును కొనేవాడు పళ్లు పట్టి చూస్తాడు. ఈ బండికి ఎయిర్ బాక్స్ విప్పి చూడాలి. మోడల్‌ను బట్టి సీటు కిందో పక్క ప్యానెల్ వెనకో ఉంటుంది, నాలుగైదు స్క్రూలు. ఫిల్టర్ బయటి వైపు దుమ్ము ఉండటం తప్పు కాదు, దాని పనే అది. చూడాల్సింది ఫిల్టర్ దాటిన తరువాతి గొట్టం, అంటే ఇంజిన్‌కు వెళ్లే శుభ్రమైన వైపు. వేలికి తెల్ల గుడ్డ చుట్టి ఆ గొట్టం లోపలి గోడ చుట్టూ తిప్పండి. గుడ్డకు పల్చటి నూనె మరక మాత్రమే అంటితే మంచిది. ఎర్రగా అంటి, రెండు వేళ్ల మధ్య నలిపితే గరగర అనిపిస్తే ఆ మట్టి ఇంజిన్ లోపలికి పోయిందనే అర్థం. ఫిల్టర్ అంచు రబ్బరు సరిగ్గా కూర్చోకపోయినా, ఉతికి వాడే కాటన్ ఫిల్టరుకు నూనె పట్టించకుండా బిగించినా ఇదే జరుగుతుంది. ఆ సన్నటి మట్టి సిలిండరు గోడ మీద గరుకు కాగితంలా రుద్దుతుంది. రింగులు అరుగుతాయి, కంప్రెషన్ పడిపోతుంది, ఆయిల్ తాగడం మొదలవుతుంది, చివరికి బోర్ కిట్టు (సిలిండరు, పిస్టను, రింగులు) మార్చాల్సి వస్తుంది. గుడ్డ ఎర్రబడితే బండి ఎంత నచ్చినా వదిలేయండి. ఎయిర్ బాక్స్ అడుగున నూనె మడుగు కట్టి ఉంటే, బండి పక్కకు పడి ఇంజిన్ ఆపకుండా ఉంచి ఉండొచ్చు, లేదా రింగులు వదులై ఆయిల్ పైకి కొడుతుండొచ్చు. రెండోదో కాదో పొగ చెబుతుంది.

ఆయిల్ గాజు కంటి దగ్గర టార్చి వేయండి. పాలు కలిసిన కాఫీలా ఉంటే నీళ్లు చేరాయి. వాగు దాటేటప్పుడు ఇంజిన్ మునిగిన బండి అది. రేడియేటర్ బండి అయితే చల్లగా ఉన్నప్పుడే మూత తీసి కూలంట్ మీద నూనె తెట్టు ఉందేమో చూడండి, ఉంటే హెడ్ ప్యాకింగ్ పోయినట్టు. రేడియేటర్ రెక్కలు కొన్ని వంగడం మామూలే, తడి మరకలుంటే కాదు.

ఇప్పుడు స్టార్ట్ చేయించండి, మీరు సైలెన్సర్ వెనక నిలబడండి. పొద్దున మొదటి నిమిషం తెల్లటి ఆవిరి రావడం సహజం. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. సిలిండరు పక్క నుంచి గొలుసు ఆడినట్టు గలగల వచ్చి రెండు నిమిషాల్లో తగ్గకపోతే టైమింగ్ చైన్ లేదా దాని టెన్షనర్. ట్యాపెట్లు కొంచెం టిక్ టిక్ అంటే కంగారు పడకండి. చల్లని ఇంజిన్ మరీ నిశ్శబ్దంగా ఉండి స్టార్టింగుకు మొరాయిస్తేనే వాల్వు గ్యాపు బిగిసిందేమో అనుకోవాలి, అది వాల్వులను కాల్చేస్తుంది.

ముందు భాగం. సెంటర్ స్టాండు వేసి వెనక ఒకరు నొక్కి పడితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. సెంటర్ స్టాండు లేని బండిని సైడ్ స్టాండు మీద మెల్లగా వంచి ఒకరు పట్టుకోవాలి. హ్యాండిల్‌ను ఒక వేలితో ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా తిప్పండి. నడిమధ్యలో చిన్న గుంటలో పడి ఆగినట్టు అనిపిస్తే కోన్ సెట్ పోయింది. ఫోర్క్ అడుగు పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే టక్ అంటే వదులైంది. ఇది మార్చగలిగేదే, ధర తగ్గించుకోండి. కానీ హ్యాండిల్ మెడ దగ్గర, రెండు చివర్లా హ్యాండిల్‌ను ఆపే చిన్న ఇనుప మొట్ట ఉంటుంది చూడండి. అది నలిగినా దాని పెయింటు పగిలినా బండి ముందు నుంచి గట్టిగా గుద్దుకుంది. లివర్లు, హ్యాండ్ గార్డులు మార్చి పడిన గుర్తులు దాచేయొచ్చు. ఈ మొట్టను ఎవరూ మార్చలేరు. అక్కడే టార్చి వేసి వెల్డింగులు కూడా చూడండి. వెల్డింగు పక్క సన్నటి తుప్పు గీత అంటే పగులు మొదలైంది.

ఫోర్క్ గొట్టాలు తుడిచి, ముందు బ్రేకు పట్టి ఐదారుసార్లు గట్టిగా నొక్కండి. నూనె ఉంగరం ఏర్పడితే సీలు కారుతోంది. సీలు మార్చొచ్చు, కానీ గొట్టం మీద గోరుకు తగిలే గుంటలు, తుప్పు చుక్కలు ఉంటే కొత్త సీలును కూడా నెలలో చీల్చేస్తాయి.

చక్రాలకు స్క్రూడ్రైవరు వాడండి. పుల్లలను ఒక్కొక్కటిగా తట్టండి. బిగువైనది కంచు గిన్నెలా ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. ఒకటి రెండు బిగించుకోవచ్చు, వరసగా ఐదారు వదులుంటే రిమ్ ఆకారమే చెడి ఉండొచ్చు. చక్రం తిప్పి, ఫోర్క్‌కు వేలు ఆనించి గోరు రిమ్‌కు దగ్గరగా పెట్టి చూడండి. రెండు మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ అటూ ఇటూ ఊగితే ఖర్చు లెక్క వేయండి. అల్లాయ్ చక్రం అంచు మీద వేలు నడిపితే గుంట తెలుస్తుంది. వేడి చేసి సుత్తితో సరిచేసిన చోట రంగు మారి ఉంటుంది, అలాంటిది ముందు చక్రంలో ఉంటే వద్దు. టైరు మీద నాలుగంకెల తేదీ చూడండి. 2321 అంటే 2021లో 23వ వారం. గాడులు ఎంత లోతున్నా ఐదారేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద జారుతుంది.

వెనక చక్రం అంచు పట్టి పక్కకు ఊపితే బేరింగు, స్వింగ్ ఆర్మ్ బుష్ రెండూ తెలుస్తాయి. చైనును వెనక స్ప్రాకెట్ వెనక చివరన లాగి చూడండి, పంటి సగం కన్నా ఎక్కువ బయటపడితే కిట్టు మొత్తం మార్చాలి. తరువాత పురికొసను వెనక టైరు చుట్టి రెండు పక్కలా ముందుకు సాగదీసి, ముందు టైరుకు రెండు వైపులా ఖాళీ సమానంగా ఉందో లేదో చూడండి. చైన్ అడ్జస్టర్ గుర్తులు రెండు వైపులా సమానంగా ఉన్నా ఖాళీ తేడాగా ఉంటే ఫ్రేమో స్వింగ్ ఆర్మో వంగింది.

కింద పడుకుని, ఇంజిన్‌కు రాళ్లు తగలకుండా అడ్డుగా ఉండే స్కిడ్ ప్లేటు చూడండి. గీతలుంటే సంతోషించండి, ఆ ప్లేటు తన పని చేసింది. ప్లేటు కొత్తగా మెరుస్తూ, లోపల ఇంజిన్ కేసు మీద గుంటలో, తెల్లటి సీలెంటు పూతో కనిపిస్తే అనుమానించాలి. డ్రెయిన్ బోల్టు చుట్టూ ఆయిల్ చెమ్మ ఉంటే మర పోయి ఉండొచ్చు. వెనక సబ్‌ఫ్రేమును పెట్టెల స్టాండు బిగించిన చోట చూడండి, ఎక్కువ బరువు మోసిన బండికి అక్కడే పగులుతుంది.

కరెంటు. మల్టీమీటరు బ్యాటరీకి పెట్టండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, స్టార్ట్ చేసి కొంచెం రేజ్ ఇస్తే 13.8 నుంచి 14.5 మధ్య. 13 దాటకపోతే బ్యాటరీని ఛార్జ్ చేసే స్టేటరో రెగ్యులేటరో పోయినట్టు. అదనపు లైట్లు పెట్టిన బండి అయితే వైరును రిలే పెట్టి లాగారా, దొరికిన చోట కోసి అతికించారా చూడండి. కనెక్టరు ఒకటి విప్పితే లోపల పచ్చటి తుప్పు ఉంటే నీళ్లలో నానింది. తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలగాలి, బండి కదిలి కొన్ని మీటర్లు పోయాక ఆరాలి. అసలు వెలగకపోతే లోపం దాచడానికి దాన్ని ఆపేశారన్నమాట. ఇంజిన్ చెక్ లైటు కూడా తాళం తిప్పగానే వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరి ఉండాలి. ఎక్స్‌పల్స్‌లో ఏబీఎస్ ముందు చక్రానికే అని గుర్తుంచుకోండి.

తోలి చూసేటప్పుడు

మీ లైసెన్సు, హెల్మెట్ తీసుకెళ్లండి, కనీసం పది కిలోమీటర్లు తోలండి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 దగ్గర యాక్సిలరేటరు పూర్తిగా తిప్పండి. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. 40 మీద హ్యాండిల్‌ను వదులుగా పట్టుకుంటే బండి ఒక పక్కకు లాగకూడదు. గేర్లన్నీ ఎక్కించి దించండి, రెండో గేరు బయటికి ఉరికితే గేరుబాక్సు విప్పాల్సిందే. ఏదైనా ఫ్లైఓవరు దిగేటప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా మూసి, కింద చేరాక ఒక్కసారి తిప్పి అద్దంలో చూడండి. అప్పుడు నీలం పొగ బుస్సుమంటే వాల్వు సీళ్లు. స్పీడ్ బ్రేకరు మీద నిలబడి దాటితే వెనక షాకు ఒక్కసారి దిగి లేచి ఆగాలి. రెండు మూడుసార్లు ఊగితే లోపలి నూనె పోయింది. చివర్లో ఐదు నిమిషాలు ట్రాఫిక్‌లో నిలబెట్టండి. రేడియేటర్ బండికి ఫ్యాను తిరగాలి, ఆపి మళ్లీ వేడి మీద స్టార్ట్ చేస్తే ఒక్క నొక్కుకే అందుకోవాలి.

ధర, మొదటి వారం

వెళ్లకముందే జేసీ రోడ్డులోనో సర్వీసు సెంటరులోనో ఆ మోడల్‌కు చైన్ కిట్టు, టైర్ల జత, కోన్ సెట్, ఫోర్క్ సీళ్లు, క్లచ్ ప్లేట్ల ధర రాసుకోండి. బెంగళూరులోనే అదే మోడల్, అదే సంవత్సరం ప్రకటనలు పది చూసి, మరీ ఎక్కువవీ మరీ తక్కువవీ పక్కన పెట్టి మధ్య ధర తీయండి. దాంట్లోంచి మీరు కనిపెట్టిన పనుల ఖర్చు కూలీతో సహా తగ్గించి మాట్లాడండి. పెట్టెలు, గార్డులు, పొగమంచు లైట్లకు అమ్మేవాళ్లు పెట్టిన ఖర్చు మీకు విలువ కాదు, అవి మీకు అవసరమైతేనే కొంచెం కలపండి. ఇంజిన్ లోపల, ఫ్రేములో అనుమానం ఉంటే మాత్రం ధర తగ్గించి తీసుకోవడం వద్దు. ఆ ఖర్చు ఎంతకు ఆగుతుందో విప్పేదాకా ఎవరూ చెప్పలేరు.

కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, బ్రేకు ఆయిల్, రేడియేటర్ ఉంటే కూలంట్, అన్నీ మార్చేయండి. పాత ఓనరు మొన్ననే మార్చానన్నా సరే. ఆయిల్ గ్రేడు మాన్యువల్ ప్రకారమే. హిమాలయన్ 411కు, 390కు 15డబ్ల్యూ-50, ఎక్స్‌పల్స్‌కు 10డబ్ల్యూ-30. కోన్ సెట్, స్వింగ్ ఆర్మ్, వెనక లింకేజీ విప్పి గ్రీజు పెట్టించండి, మట్టిలో తిరిగిన బండికి వీటిని ఎవరూ ముట్టుకుని ఉండరు. ఆయిల్ లెవెల్‌ను ఫోటో తీసి, 500 కిలోమీటర్ల తరువాత అదే సమతలం మీద నిలబెట్టి మళ్లీ పోల్చండి. కంటికి తెలిసేంత తగ్గితే ప్రతి వెయ్యికి ఎంత పోయాల్సి వస్తుందో రాసుకుంటూ, బోర్ పని ఎప్పుడు చేయించాలో మెకానిక్‌తో మాట్లాడి పెట్టుకోండి.

ఎక్స్‌పల్స్, హిమాలయన్ 411 ట్యూబు టైర్ల బండ్లు. బాగేపల్లి దాటాక పంక్చరు షాపులు ఉంటాయి గానీ 21 అంగుళాల ట్యూబు దొరకదు. ఒక 21 ట్యూబు, రెండు టైరు లివర్లు, చిన్న గాలి పంపు, చక్రం నట్టుకు సరిపోయే స్పానరు సీటు కిందో బ్యాగులోనో ఉంచండి. వెనక చక్రం పంక్చరైనా ఆ 21 ట్యూబునే మడత పడకుండా సర్ది ఎక్కించి, మెల్లగా ఊరు చేరొచ్చు. మొదటిసారి ఈ పని రోడ్డు పక్కన చీకట్లో చేయకుండా, ఒక ఆదివారం ఇంటి ముందే చక్రం విప్పి ట్యూబు తీసి మళ్లీ ఎక్కించి చూడండి.